ఎగిరితేనే బతికే గుడ్డ రెక్కల పుష్పక్

అనంతపురం నుంచి బెంగళూరు వచ్చే బస్సు యలహంక దాటి హెబ్బాళ చేరేలోపు ఎడమచేతి వైపు పెద్ద ఖాళీ జాగా కనిపిస్తుంది. చుట్టూ భవనాలు, మధ్యలో గడ్డి, ఒక రన్‌వే. అదే జక్కూరు ఎయిర్‌డ్రోమ్. అదృష్టం బాగుంటే చిన్న విమానం ఒకటి లేస్తూనో దిగుతూనో కంటబడుతుంది. బస్సులో పిల్లలుంటే ఇక చెప్పేదేముంది.. సీట్లెక్కి నిలబడతారు.

దేశంలో ఫ్లయింగ్ స్కూళ్లు, క్లబ్బులు ఉన్న ఊళ్లలో ఒక తరం కుర్రాళ్లు తొలిసారి గాల్లోకి లేచింది పుష్పక్‌లోనే. అది పుట్టింది ఈ బెంగళూరులోనే. హర్యానాలోని కర్నాల్‌లో చిన్నపిల్లగా ఉన్నప్పుడు కల్పనా చావ్లా నాన్నను అడిగి ఎక్కిన విమానం కూడా పుష్పకే. తర్వాత ఆమె అంతరిక్షం దాకా వెళ్లింది.

రామాయణంలో పుష్పక విమానం ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటిచ్చేదని చెప్పుకుంటాం. బెంగళూరు పుష్పక్‌కు అంత దయ లేదు. పక్కపక్కన రెండే సీట్లు. మూడో మనిషి వస్తే కింద ఉండాల్సిందే. 36 అడుగుల రెక్కలు, 90 హార్స్‌పవర్ ఇంజిను, మనుషులు, ఇంధనం అన్నీ కలిపి 610 కిలోల బరువు. మన ఊళ్లో తిరిగే పెద్ద కారు ఒక్కటే దీనికి రెండింతలు తూగుతుంది. పైగా రెక్కలకు తొడిగింది రేకు కూడా కాదు, గుడ్డ!

1958 సెప్టెంబరు 28న మొదటి పుష్పక్ ఎగిరింది. మొత్తం 160 దాకా తయారయ్యాయి. తయారీ ఆగి దశాబ్దాలైంది. క్లబ్బులు సెస్నాల వైపు మళ్లాయి. ఎగిరే స్థితిలో ఉన్న పుష్పక్‌లు ఇప్పుడు అరుదు. మిగిలినవి ఏ హ్యాంగర్ మూలనో, ఏ కాలేజీ ఆవరణలోనో కనిపిస్తే గొప్ప. ఇలాంటి పాత విమానాన్ని సొంతానికి ఉంచుకుని, ఏటేటా ఎగిరేలా నిలబెట్టడం అంటే ఏమిటి? డబ్బుంటే సరిపోతుందా? సరిపోదు. బట్ట కుట్టే చెయ్యి కావాలి, కట్టెను చదివే కన్ను కావాలి. ఆ రెండూ విమానం కంటే ముందే కనుమరుగవుతున్నాయి.

సోలాపూర్‌లో పుట్టినవాడి పునాది

పుష్పక్ కథ మన సరిహద్దుల్లోనే తిరుగుతుంది. 1882లో సోలాపూర్‌లో పుట్టిన వాల్‌చంద్ హీరాచంద్ 1940 డిసెంబరులో బెంగళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ పెట్టాడు. మైసూరు సంస్థానం వెన్నుదన్నుగా నిలిచింది. యుద్ధకాలంలో ప్రభుత్వం కంపెనీని తన చేతుల్లోకి తీసుకుంది. నేటి హెచ్ఏఎల్‌కు అదే మూలం. సోలాపూర్ మగ్గాల వాడల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఆ ఊరివాడు మొదలెట్టిన కారఖానాలో చివరికి నూలు గుడ్డ తొడిగిన విమానాలు తయారవడం ఒక విచిత్రం.

హెచ్ఏఎల్ సొంతంగా డిజైన్ చేసిన శిక్షణ విమానం హెచ్‌టీ-2 1951 ఆగస్టులో ఎగిరింది. దాని వెనకున్న డిజైనర్ విష్ణు మాధవ్ ఘాటగే. ఫ్లయింగ్ క్లబ్బులకు ఇంకా చవకగా, తేలిగ్గా ఉండే బండి కావాల్సి వచ్చింది. అప్పుడు దొరికిందే ఏరోంకా చీఫ్. అమెరికాలో ఒహాయో రాష్ట్రం మిడిల్‌టౌన్‌లో తయారయ్యే రెండు సీట్ల విమానమది. రెండో ప్రపంచయుద్ధం అయిపోగానే ఏరోంకా కంపెనీ చీఫ్‌ను, దాని జంట చాంప్‌ను వేలల్లో అమ్మింది. ఆ జోరు ఎక్కువ కాలం నిలవలేదు. 1951కల్లా చిన్న విమానాలు మానేసి పెద్ద కంపెనీలకు విడిభాగాలు చేసిపెట్టే పనిలో పడింది. ఆ చీఫ్ డిజైనే బెంగళూరు చేరి, మార్పులు చేర్పులతో పుష్పక్ అయింది.

అంటే అమెరికాలో దీనికి దాయాదులున్నారన్న మాట. ఆ దాయాదుల సంగతి తర్వాత చూద్దాం. ముందు గుడ్డ సంగతి.

పడుగూ పేకా తెలిసినవాళ్లకు..

మగ్గం ముందు కూర్చున్నవాళ్లకు ఈ లెక్క ఇట్టే అర్థమవుతుంది. పాత విమానాలకు వాడే 'గ్రేడ్ ఏ' నూలు గుడ్డలో అంగుళానికి 80 నుంచి 84 పోగులుండాలి. పడుగులోనూ అంతే, పేకలోనూ అంతే. అంగుళం వెడల్పు పీలిక కోసి లాగితే 80 పౌన్ల బరువు దాకా తెగకూడదు. అంటే సుమారు 36 కిలోలు. గజం చదరానికి బరువు నాలుగు ఔన్సులు. రెక్కకు తొడిగేటప్పుడు పడుగు గాలి వాలున, అంటే ముందు నుంచి వెనక్కి వచ్చేలా చూసుకుంటారు.

తొడగ్గానే గుడ్డ వదులుగానే ఉంటుంది. దాన్ని బిగించేది డోప్. మన గంజి లాంటిదే అనుకోండి. కాకపోతే గోళ్ల రంగు వాసన వస్తుంది. రెండూ ఒకే జాతి రసాయనాలు మరి. బ్రష్‌తో పూత పూత మీద పూత వేస్తూ పోతే గుడ్డ ముడుచుకుని బిర్రుగా అవుతుంది. వేలితో కొడితే డప్పులా మోగాలి. ఆ తర్వాత అల్యూమినియం పొడి కలిపిన వెండి పూత. ఇది అందం కోసం వేసేది అనుకుంటారు చాలామంది. అసలు పని వేరే. ఎండలోని అతినీలలోహిత కిరణాలు నూలును తినేస్తాయి, వాటిని ఆపే గొడుగు ఈ వెండి పూతే. దీని మీదే రంగు. రంగు పెచ్చులూడి కింద గుడ్డ కనిపిస్తోందంటే ఎండ లోపలికి దిగిందని లెక్క.

అంతటితో అయిపోలేదు. ఎగిరేటప్పుడు రెక్క పైభాగాన గాలి గుడ్డను పైకి పీకుతుంది. అందుకే లోపలి పక్కెముకల్లాంటి రిబ్బులకు గుడ్డను కుట్టేస్తారు. మైనం పట్టిన దారం, అడుగు పొడవు సూది. రెక్కకు ఇటొకరు, అటొకరు కూర్చుని సూదిని అటూ ఇటూ అందించుకుంటారు. కొన్ని అంగుళాలకోసారి ఒక ముడి. పంకా గాలి కొట్టే చోట ముడులు ఇంకా దగ్గర దగ్గరగా పడాలి. ఒక్క ముడి జారితే పక్కది తట్టుకుంటుంది. వరసగా నాలుగు జారితే గుడ్డ ఉబ్బుతుంది. ఆ తర్వాత జరిగేది పైలట్ చేతుల్లో ఉండదు.

నూలు గుడ్డ హ్యాంగర్ నీడలో ఉంటే పదేళ్లు తేలిగ్గా వస్తుంది. ఆరుబయట మన ఎండలో నిలబెడితే అందులో సగం వచ్చినా సంతోషమే. అందుకే ఏటా పరీక్ష. స్ప్రింగు బిగించిన సూదిమొన సాధనాన్ని గుడ్డ మీద పెట్టి నొక్కుతారు. 80 పౌన్ల గుడ్డ 56 కంటే కిందికి దిగిందా, విప్పేయాల్సిందే. ఆ సాధనం ముల్లు కదులుతున్నంతసేపూ పక్కన నిలబడ్డ యజమాని ముఖం చూడాలి!

ఇప్పుడు చాలామంది నూలు మానేసి పాలియెస్టర్‌కు మారారు. దీన్ని బిగించడానికి డోప్ అక్కర్లేదు, ఇస్త్రీ పెట్టె చాలు. నవ్వులాట కాదు, నిజంగానే ఇస్త్రీ పెట్టె. కానీ వేడి ఎంతుందో థర్మామీటర్‌తో కొలిచి చూసుకోవాలి. మొదట కొంచెం తక్కువ వేడి, చివర్లో 177 డిగ్రీల సెల్సియస్. అది దాటిందా గుడ్డ వదులైపోతుంది, మళ్లీ బిగుసుకోదు. ఎండ తగలకుండా పూత జాగ్రత్తగా వేస్తే 20 ఏళ్ల పైమాటే. పాలియెస్టర్ అయినా రిబ్బులకు కుట్టు తప్పదు.

కట్టె లోపల కనిపించని గీత

గుడ్డ విప్పాకే అసలు విమానం కనిపిస్తుంది. ఏరోంకా కుటుంబంలో ఒళ్లంతా సన్నటి ఉక్కు గొట్టాల వెల్డింగ్. రెక్కలో రెండు పొడుగాటి దూలాలు, వాటికి వరసగా అల్యూమినియం రిబ్బులు. ఆ దూలాలే స్పార్లు. స్ప్రూస్ కట్టెతో చేస్తారు. తేలిగ్గా, నిటారు పోగుతో, ముడుల్లేకుండా ఉండే కట్టె అది. మన టేకు బలమైనదే గానీ దీనికంటే బాగా బరువు.

స్పార్ పగుళ్లు రెండు రకాలు. మేకు దిగిన చోట, బోల్టు రంధ్రాల చుట్టూ పొడుగునా వచ్చే పగులు కంటికి కనిపిస్తుంది. రెండోది ప్రమాదకరం. కట్టె నొక్కుకుపోయి పోగుకు అడ్డంగా వెంట్రుక మందాన గీత పడుతుంది. టార్చిలైటును ఏటవాలుగా పట్టుకుంటే తప్ప తెలియదు. దాన్ని ఇంగ్లిషులో కంప్రెషన్ పగులు అంటారు. ఇది సాధారణంగా రెక్క కొస నేలకు తగిలినప్పుడు పడుతుంది. పైన గుడ్డ చిరగదు, రంగు కూడా చెదరదు. కొసన చిన్న గీరుడు మాత్రమే. దాన్ని అతికి, రంగేసి, మర్నాడు ఎగిరినవాళ్లున్నారు.

రెక్క కొస నేలకు ఎందుకు తగులుతుంది? తోక చక్రం బండి కాబట్టి. ముందు రెండు చక్రాలు, వెనక తోక కింద చిన్న చక్రం. బరువంతా ముందు చక్రాల వెనక ఉంటుంది. సైకిల్‌ను సీటు పట్టుకుని వెనక్కి తోసి చూడండి, హ్యాండిల్ ఎలా మెలికపడుతుందో. దిగేటప్పుడు పక్కగాలి తగిలి, పైలట్ కాలు ఒక్క క్షణం ఆలస్యమైతే విమానం కూడా అలాగే గిర్రున తిరుగుతుంది. పాత పైలట్లు దీన్ని గ్రౌండ్ లూప్ అంటారు. తోక చక్రం బండ్లు నడిపినవాళ్లలో కొందరికి ఆ అనుభవం అయింది, మిగిలినవాళ్లకు కాబోతోంది అని వాళ్లలో ఒక నానుడి. క్లబ్బుల్లో పిల్లలు నేర్చుకున్న విమానమంటే ఇలాంటి దెబ్బలు ఎన్ని తిని ఉంటుందో ఊహించుకోవచ్చు. అందుకే పాత శిక్షణ విమానం కొనేవాడు రంగు కంటే ముందు లాగ్‌బుక్కు చూడాలి.

ఉక్కు గొట్టాలకూ ఒక జబ్బుంది. విమానం తోక కిందికి వాలి నిలబడుతుంది కదా, లోపల చేరిన నీరంతా వెనక్కి జారి కింది గొట్టాల దగ్గర నిలుస్తుంది. పైన గుడ్డ, దాని వెనక తుప్పు. కొస సన్నటి దబ్బనంతో గొట్టాన్ని గట్టిగా పొడుస్తారు. దిగబడిందా, ఆ ముక్క కోసి కొత్తది వెల్డింగ్ చేయాలి. ఇక ఎలుకల సంగతి సరేసరి. రెక్క లోపల గూడు కట్టాయంటే వాటి మూత్రం అల్యూమినియం రిబ్బులను తినేస్తుంది. హ్యాంగర్‌లో పిల్లిని పెంచడం సరదా కోసమే అనుకోకండి.

స్విచ్ ఆఫ్.. కాంటాక్ట్!

పుష్పక్ ఇంజిను కాంటినెంటల్ సీ-90. నాలుగు సిలిండర్లు, గాలికే చల్లబడుతుంది. ఇందులో వాడిన రకానికి సెల్ఫ్ స్టార్టర్ ఉండదు. మరెలా? చేత్తో పంకా తిప్పాలి.

చక్రాలకు దిమ్మలు వేస్తారు. లోపల ఒకరు బ్రేకు తొక్కి కూర్చుంటారు. పంకా ముందున్నవాడు గట్టిగా అరుస్తాడు.. 'స్విచ్ ఆఫ్?' లోపలినుంచి 'స్విచ్ ఆఫ్' అని బదులు రావాలి. వచ్చాక పంకాను నాలుగైదు సార్లు మెల్లగా తిప్పి సిలిండర్లలోకి ఇంధనం లాగిస్తాడు. అప్పుడు 'కాంటాక్ట్' అంటాడు. లోపలివాడు 'కాంటాక్ట్' అని స్విచ్ వేస్తాడు. ఒక్క లాగు.. అంతే, చేతులతో పాటు ఒళ్లంతా వెనక్కి తీసేసుకోవాలి. ఇంజిను అందుకుంటే ఎదురుగా ఉన్నది ఇక పంకా కాదు, కత్తి.

స్విచ్ ఆఫ్ అన్న మాటను నమ్మకూడదన్నది హ్యాంగర్‌లో మొదటి పాఠం. మంట పుట్టించే మాగ్నెటోకు బ్యాటరీతో పనిలేదు, పంకా తిరిగితే చాలు. స్విచ్ నుంచి వెళ్లే ఒక్క తీగ తెగి ఉంటే, స్విచ్ కట్టేసినా మాగ్నెటో బతికే ఉంటుంది. అందుకే ఆగి ఉన్న పంకాను కూడా పడగ విప్పిన పామునే చూసినట్టు చూడాలి. ఫొటో కోసం దాన్ని పట్టుకుని వేలాడే చుట్టాలను యజమానులు కసురుకునేది ఇందుకే.

ఇంజిను సేవలు పెద్ద విద్యేం కాదు గానీ ఎగ్గొడితే ఊరుకోదు. దీనికి కాగితం ఫిల్టరు లేదు, జల్లెడ ఒక్కటే. కాబట్టి 25 గంటలకోసారి ఆయిల్ మార్చాలి. జల్లెడలో మెరిసే రజను కనిపిస్తే అయస్కాంతం ఆనించి చూస్తారు. అంటుకుంటే ఉక్కు, అంటుకోకపోతే బేరింగు లేదా పిస్టన్. ఏది అరుగుతోందో ఆ చిటికెడు పొడే చెబుతుంది. సిలిండర్లలోకి 80 పౌన్ల ఒత్తిడితో గాలి పంపి ఎంత నిలుస్తుందో కొలుస్తారు. గాలి ఆయిల్ గొట్టంలో బుసకొడితే రింగులు, సైలెన్సర్‌లో బుసకొడితే వాల్వు. చెవి ఆనించి వినడమే. మొత్తం ఇంజిను విప్పి కట్టే గడువు 1,800 గంటలు.

ఇక్కడే కొత్త యజమానులు పొరబడేది. ఏడాదికి పది గంటలు మాత్రమే ఎగిరితే ఇంజిను 180 ఏళ్లు వస్తుందనుకుంటారు. జరిగేది రివర్సు. ఎగిరినప్పుడు ఆయిల్ బాగా కాగి అందులో చేరిన తేమ ఆవిరైపోతుంది. ఎగరకపోతే ఆ తేమ, మండిన ఇంధనం తాలూకు ఆమ్లం కలిసి లోపలి ఉక్కును కొరుకుతూనే ఉంటాయి. నేల మీద పది నిమిషాలు ఇంజిను తిప్పి ఆపేయడం ఇంకా చేటు. తేమ పుడుతుంది, పోయేంత వేడి మాత్రం రాదు. పాత విమానం నిలబడి పాడవుతుంది. ఎగురుతూ ఉంటేనే ఎక్కువకాలం ఉంటుంది.

బంకులో పెట్రోలు పోస్తే?

గంటకు సుమారు 20 లీటర్లు తాగుతుంది. బంకులో కొట్టిస్తే పోలా అని అడగని మనిషి ఉండడు. అమెరికాలో ఇలాంటి తక్కువ ఒత్తిడి ఇంజిన్లకు ప్రత్యేక అనుమతితో మోటారు పెట్రోలు పోసుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. కాకపోతే ఇథనాల్ కలవని పెట్రోలై ఉండాలి. మన బంకుల్లో 2025 నాటికి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు దేశమంతా వచ్చేసింది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరు వాషర్లను ఉబ్బిస్తుంది. ఎనిమిది వేల అడుగుల ఎత్తులో కార్బురేటర్ మొరాయిస్తే రోడ్డు పక్కన ఆపి చూసుకునే వీలుండదు కదా.

మిగిలింది ఏవ్‌గ్యాస్ 100 ఎల్ఎల్. చాలాకాలం ఇది విదేశాల నుంచే వచ్చేది. 2022 సెప్టెంబరులో ఇండియన్ ఆయిల్ స్వదేశీ తయారీ మొదలుపెట్టింది. చిన్న విమానాలు నడిపేవాళ్లకు అది పెద్ద ఊరటే. కానీ పాత ఇంజినుకు ఇదీ పూర్తిగా పడదు. సీ-90 పుట్టింది 80 ఆక్టేన్ ఇంధనం కోసం. దాంతో పోలిస్తే 100 ఎల్ఎల్‌లో సీసం నాలుగింతల దాకా ఉంటుంది. పేరులో మాత్రం 'తక్కువ సీసం' అని! ఆ సీసం ప్లగ్గుల మొనల్లో చిన్న చిన్న గుండ్లలా పేరుకుంటుంది, వాల్వు కాడకు పట్టుకుంటుంది. కాబట్టి ప్లగ్గులు తరచూ విప్పి శుభ్రం చేస్తూ ఉండాలి. ఇది విసుగు పనే, అలవాటైతే అరగంటలో పోతుంది.

దాయాదులు ఎలా బతికారు?

1946లో మిడిల్‌టౌన్‌లో తయారైన చీఫ్‌లు, చాంప్‌లు ఇప్పటికీ అమెరికా పల్లెల్లో గడ్డి రన్‌వేల మీద ఎగురుతూనే ఉన్నాయి. వాటి కంపెనీ ఎప్పుడో ఆ పని మానేసింది. మరి ఎలా సాధ్యమైంది? అక్కడివాళ్లేమీ కుబేరులు కారు. టీచర్లు, రైతులు, రిటైరైన మెకానిక్కులు కూడా ఇలాంటివి ఉంచుకుంటారు. ఖరీదు ఒక కొత్త కారుకు అటూ ఇటూగా ఉండటం ఒక కారణం.

రెండో కారణం నిబంధన. అక్కడ పైలట్ లైసెన్సు ఉన్న యజమాని తన విమానానికి కొన్ని పనులు స్వయంగా చేసుకుని, లాగ్‌బుక్కులో తనే సంతకం పెట్టొచ్చు. ఆయిల్ మార్చడం, టైర్లు, ప్లగ్గులు, కుట్టు అవసరంలేని చిన్న గుడ్డ అతుకు.. ఇవన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. అంతకంటే పెద్ద పనైతే లైసెన్సున్న మెకానిక్ పర్యవేక్షణలో చేయొచ్చు, సంతకం ఆయనది. ఏటా ఒకసారి తనిఖీ అధికారం ఉన్న మెకానిక్ మొత్తం విప్పి చూస్తాడు. దొరకని చిన్న భాగాన్ని యజమాని తన విమానం కోసం సరైన కొలతలు, సరైన లోహంతో చేయించుకునే దారి కూడా ఉంది. మూడోది సంఘం. ఒకరి దగ్గర పాత డ్రాయింగులుంటే వందమందికి పంచుతారు. 1953లో పుట్టిన ఈఏఏ అనే సంస్థ ఏటా విస్కాన్సిన్‌లోని ఆష్‌కాష్‌లో జరిపే మేళాలో గుడ్డ కుట్టడం, గొట్టం వెల్డింగ్ చెట్టు కింద బల్ల వేసి నేర్పినంత మామూలుగా నేర్పుతారు.

మన దగ్గర లెక్క వేరు. విమానం ఎగరాలంటే డీజీసీఏ అనుమతి పత్రం చెల్లుబాటులో ఉండాలి, ఏటా సమీక్ష జరగాలి. చేసిన పనికి లైసెన్సున్న ఇంజినీరు సంతకం పెట్టాలి. ఇందులో తప్పుపట్టాల్సిందేమీ లేదు, ప్రాణాల విషయం. చిక్కల్లా ఎక్కడంటే, ఆ సంతకం పెట్టగల పిస్టన్ ఇంజిను, గుడ్డ విమానం అనుభవజ్ఞులు తగ్గిపోయారు. పెద్ద విమానాల కంపెనీల్లో జీతాలు బాగుంటాయి. కొత్తగా చదువుకున్నవాడు 90 గుర్రాల ఇంజిను కోసం ఎందుకు కూర్చుంటాడు? పుష్పక్‌లు 160 మాత్రమే కావడంతో విడిభాగాలు చేసి అమ్ముదామనే వ్యాపారీ పుట్టలేదు. ఒకదాన్ని ఎగరేయడానికి ఇంకోదాన్ని విప్పుకోవడం ఇలాంటి చోటే మొదలవుతుంది. రెండు విప్పి ఒకటి, మూడు విప్పి ఒకటి.. అలా ఎన్నాళ్లు?

చిన్న విమానం తయారీ ఇక్కడివాళ్లకు చేతకాక కాదు. హొసూరు తెలుగువాళ్లకు బెళగొండపల్లి రన్‌వే తెలియనిది కాదు. అక్కడి తనేజా ఏరోస్పేస్ 1990లలోనే ఇటలీ డిజైన్ పీ-68 అనే ఆరు సీట్ల విమానాలు తయారుచేసింది. బెంగళూరు ఎన్ఏఎల్ 'హంస' రెండు సీట్లది. కానీ అవి రేకు, ఫైబర్ విమానాలు. గుడ్డ, కట్టె విద్య వేరు.

ఆ లోటు ఎంతో వైమానిక దళం విషయంలోనే తెలిసింది. పాత విమానాలను ఎగరేసి చూపించే వింటేజ్ దళం కోసం బాగుచేయించిన టైగర్ మాత్ 2012లో హిండన్‌లో ఎగిరింది. ఇది కూడా గుడ్డ, కట్టె విమానమే. దాన్ని బాగుచేసింది ఇంగ్లండ్‌లో. 2018లో వచ్చిన 'పరశురామ' డకోటా కూడా ఇంగ్లండ్‌లో మరమ్మతు పూర్తి చేసుకుని ఎగురుకుంటూ వచ్చింది. ఒకప్పుడు వీటిని వందల్లో నడిపిన దేశం మనది.

కొనాలనే సరదా ఉంటే

ఎక్కడైనా ఒక పాత గుడ్డ విమానం అమ్మకానికి వచ్చిందని తెలిస్తే, 'రంగు కొత్తదన్నా, ఇంజిను స్టార్ట్ అవుతుందన్నా' అని అమ్మేవాడు అంటాడు. రెండూ పెద్ద విషయాలు కావు. తెలిసిన ఇంజినీరును ఒకర్ని వెంట తీసుకెళ్లాలి. లాగ్‌బుక్కులు మొదటి పేజీ నుంచి ఉన్నాయా, మధ్యలో కొన్నేళ్లు మాయమయ్యాయా చూడాలి. గుడ్డ ఎప్పుడు మార్చారు, ఏ రకం, పరీక్షలో ఎంత వచ్చింది అడగాలి. స్పార్ చూడటానికి తనిఖీ రంధ్రాలు తెరవనివ్వకపోతే మాట్లాడకుండా లేచి వచ్చేయడం మేలు. విమానం కంటే ముందు హ్యాంగర్‌లో చోటు దొరుకుతుందో లేదో కనుక్కోవాలి. ఆరుబయట ఉంచే ఉద్దేశముంటే అసలు కొనకపోవడం ఉత్తమం. ఖరీదు ఒక్కసారే ఇస్తాం. హ్యాంగర్ అద్దె, బీమా, ఇంజినీరు ఫీజు, ఏటేటా తనిఖీ.. ఇవి ఎగిరినా ఎగరకపోయినా ఆగవు. నలుగురు కలిసి వాటాలు వేసుకుని కొనే పద్ధతి విదేశాల్లో మామూలే. ఖర్చు పంచుకోవడం ఒక లాభమైతే, విమానం తరచూ ఎగరడం అంతకంటే పెద్ద లాభం.

బెంగళూరు చుట్టుపక్కల విమాన నిర్వహణ కోర్సులు చదివే తెలుగు పిల్లలకు తక్కువేం లేదు. చిత్తూరు, కోలారు, బళ్లారి, హొసూరు నుంచి వచ్చినవాళ్లు వాళ్లలో కనిపిస్తారు. డీజీసీఏ లైసెన్సు సిలబస్‌లో ఆరో మాడ్యూల్ తెరిస్తే కట్టె నిర్మాణాలు ఒక పాఠం, గుడ్డ తొడుగు మరో పాఠం ఇప్పటికీ ఉన్నాయి. పరీక్షలో నాలుగు జవాబుల్లో సరైనదానికి టిక్ పెడతారు, పాసవుతారు. ఆ పిల్లల్లో మగ్గాల ఇళ్ల నుంచి వచ్చినవాళ్లూ ఉండొచ్చు. వాళ్ల చేతికి అడుగు పొడవు సూది, మైనం దారం ఇచ్చి, రెక్కకు అవతలి పక్కన కూర్చుని ముడి వేయడం చూపించగల పెద్ద మెకానిక్కులు ఇంకా కొందరున్నారు. వాళ్లలో చాలామంది రిటైరయ్యారు.